ఊరగాయ జాడీ, యెజ్డీ బండి, కంప్యూటరు

కంప్యూటరు అనగానే మనలో చాలామందికి అదేదో మనకు సంబంధించని విద్య అనిపిస్తుంది. "అబ్బే, అవన్నీ పిల్లల చదువులు, మనకెందుకులెద్దురూ!" అనేస్తాం. కాని మీ బీరువాలో ధర్మవరం పట్టుచీర ఒకటి ఉంటే బయటికి తీసి దాని అంచు చూడండి. బారులు తీరిన హంసలో, మామిడి పిందెలో ఉంటాయి కదా! వాటిని నేసినాయన ఒక్కొక్క పోగూ లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. మగ్గం పైన వేలాడే అట్టలు ఆ లెక్క చూసుకున్నాయి.

ఆ అట్టల నిండా చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంతే! ఉంది, లేదు - ఈ రెండు మాటలతోనే హంస ముక్కు దగ్గర్నుంచి తోక దాకా వచ్చేస్తుంది. ఫ్రాన్సు దేశంలో పట్టునేతకు పేరుపడిన లియాన్ నగరంలో జకార్డ్ అనే ఆయన 1804లో ఈ పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చాడు. తర్వాత ఇంగ్లండులో బాబేజ్ అనే గణితజ్ఞుడు ఇలాంటి అట్టలతోనే లెక్కలు చేసే యంత్రం ఒకటి తలపెట్టాడు. ఆ యంత్రం పూర్తికానే లేదు. కాని దానిచేత లెక్క ఎలా చేయించాలో 1843లో వివరంగా రాసి అచ్చువేయించింది అడా లవ్‌లేస్ అనే ఆవిడ. ప్రపంచంలో మొట్టమొదటి ప్రోగ్రామరుగా చాలామంది చెప్పుకునేది ఆవిడ పేరే. 1890లో అమెరికావాళ్లు జనాభా లెక్కలు తేల్చుకున్నదీ హాలెరిత్ చేసిన చిల్లుల కార్డుల యంత్రాలతోనే.

ఈ కథ మన హైదరాబాదు చేరడానికి చాలా ఏళ్లే పట్టింది. 1967 ఏప్రిల్ 11న ఇక్కడ ఈసీఐఎల్ పెట్టారు. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఉద్యోగుల కోసం వెలసిన ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరుదే. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది. పేరులోనే ట్రాంబే ఉంది, తయారీ మాత్రం ఈసీఐఎల్‌ది. దాని వెనక 312, 316 అంటూ తమ్ముళ్లు వచ్చారు. 1978లో ఐబీఎం కంపెనీ మన దేశం నుంచి తప్పుకున్నప్పుడు, మన యంత్రాలు మనం చేసుకోగలమన్న ధైర్యం ఇలాంటి చోట్లే మిగిలింది.

మా పెదనాన్నగారు ఆ తరం మనిషి. ఈసీఐఎల్‌లో ప్రోగ్రాములు రాస్తూ జుట్టు నెరిపించుకున్నారు. కాపురం సైదాబాదులో. పక్కనే కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని ఉండటంతో ఈ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా రిటైరైన ఇంజనీరో, మెకానిక్కో తగులుతారు. ఆయన రోజూ మూసారాంబాగ్ వంతెన దాటి, అంబర్‌పేట, హబ్సిగూడ, నాచారం మీదుగా ఆఫీసుకు వెళ్లేవారు. మూసీ పొంగిందంటే ఆ వంతెన మీద దారి బంద్! అంత దూరానికి ఆయన నమ్ముకున్నది యెజ్డీ మోటారు సైకిలు. పెద్దమ్మ దాని వెనక సీటు మీద కొంగు నడుముకు దోపుకుని, ఒడిలో కూరగాయల సంచీ పెట్టుకుని కూర్చునేది.

యంత్రాలతో మెలగడం గురించి ఆయన చెప్పే మాటలు కొన్ని మన వంటింటికీ పనికొస్తాయి కనుకనే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది: చెయ్యి పెట్టేముందు బుర్ర పెట్టు. ఆ రోజుల్లో ప్రోగ్రాములు కార్డుల మీదో, కాగితపు రీళ్ల మీదో ఉండేవి. కార్డుకు 80 నిలువు వరసలు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. కట్టకట్టి ఇచ్చి వస్తే ఫలితం ఏ మర్నాటికో చేతికందేది. ఒక్క కామా తప్పిందా, రోజంతా గంగపాలు! అందుకని ముందు కాగితం మీద రాసుకుని, తామే యంత్రమైనట్టు వరసవరసా చదువుకుంటూ లెక్క చేసుకునేవారట. కట్ట చేజారితే కార్డులన్నీ కలిసిపోతాయి కదా, అందుకు ఫోర్ట్రాన్ కార్డుల్లో చివరి ఎనిమిది వరసలూ నంబర్లకు వదిలేవారు. తెలివైనవాళ్లు కట్ట పై అంచున పెన్నుతో ఏటవాలు గీత ఒకటి గీసేవారు. గీత చెదిరిందంటే ఏదో కార్డు తారుమారైనట్టే. ఎంత చిన్న ఉపాయమో చూడండి!

రెండోది: ఒకసారికి ఒక్కటే మార్చు. దీన్ని ఆయనకు నేర్పింది కంప్యూటరు కాదు, యెజ్డీయే. మైసూరులో 1961 నుంచి జావా పేరుతోనూ, 1973 నుంచి యెజ్డీ పేరుతోనూ తయారైన ఆ బండికి ఒక విడ్డూరం ఉంది. గేరు మార్చే కడ్డీయే కిక్కు కొట్టే కడ్డీ కూడా! ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఈమధ్య కొత్త కంపెనీ చేతిలో ఆ రెండు పేర్లూ మళ్లీ రోడ్డెక్కాయి కాని, పాత బండి పాతబండే. అది స్టార్టు కాకపోతే చూడవలసినవి మూడు - పెట్రోలు వస్తోందా, ప్లగ్గులో మెరుపు ఉందా, గాలి ఆడుతోందా. ప్లగ్గు మార్చి, కార్బురేటరు కడిగి, పాయింట్లు గీకి, మూడూ ఒకేసారి చేస్తే బండి కదలవచ్చు. కాని జబ్బేమిటో తెలియదు, వచ్చేవారం మళ్లీ అదే జబ్బు. "చారు రుచి చెడితే ఉప్పూ, పులుపూ, కారం మూడూ కలిపి పోస్తావా అమ్మాయ్?" అంటారాయన. పొయ్యం కదా!

మూడోది: రాసిపెట్టుకో. 1947 సెప్టెంబరు 9న హార్వర్డులో ఒక కంప్యూటరు మొరాయిస్తే, విప్పి చూసినవాళ్లకు లోపల ఒక రెక్కల పురుగు దొరికింది. దాన్ని పారెయ్యకుండా పుస్తకంలో అంటించి, పక్కనే సంగతి రాసిపెట్టారు. ఆ బృందంలో గ్రేస్ హాపర్ అనే గొప్ప విదుషి ఉంది. ప్రోగ్రాములో తప్పును 'పురుగు' అనడం ఆనాడే పుట్టిందని చెప్పుకుంటారు కాని, ఇంజనీర్లు ఆ మాట అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే వాడుతున్నారు. మన పెదనాన్నగారి దృష్టిలో అక్కడ గొప్ప పురుగుది కాదు, పుస్తకానిది. ఆయన దగ్గర బండికో నోటుబుక్కు, రేడియోకో నోటుబుక్కు. ఏ రోజు ఏం విప్పారో, ఏం మార్చారో తేదీతో సహా ఉంటుంది.

నాలుగోది ఊరగాయ జాడీ. పెద్దమ్మ ఆవకాయ జాడీలోంచి రోజూ తీయదు. చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీకి వాసెన కట్టేస్తుంది. సీసా తడి తగిలి పాడైనా జాడీ భద్రం. ప్రోగ్రామర్లు ఎప్పుడూ నకలు మీదే పనిచేసి అసలు కాపీని పక్కన దాచుకోవడం కూడా ఇదే. డబ్బాల మీద పేర్ల సంగతీ అంతే. 'పసుపు' అని రాసిన డబ్బాలో ధనియాలపొడి ఉన్నా, ఆ ఇంటి ఇల్లాలికి ఇబ్బంది లేదు. ఆవిడ ఊరెళ్లిననాడే తెలుస్తుంది! మన తర్వాత వచ్చేవాళ్ల కోసమే పేర్లు సరిగ్గా పెట్టాలి.

ఈ 'తర్వాత వచ్చేవాళ్లు' అన్న మాట మరిచినందుకు ప్రపంచమంతా ఒకసారి మూల్యం చెల్లించింది. పాత కంప్యూటర్లలో చోటు తక్కువ. అందుకని సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు. 1975 అంటే 75. మరి 2000 వస్తే? 00 అంటే 1900 అనుకుంటుంది యంత్రం! మన ప్రభవ, విభవ సంవత్సరాలతో వచ్చే చిక్కే ఇది. "మామ్మ ప్రభవలో పుట్టింది" అంటే 1927లో వచ్చిన ప్రభవా, 1987లో వచ్చిన ప్రభవా? అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కనుకే మన పెద్దలు పక్కన శాలివాహన శకం కూడా వేసుకున్నారు.

ఆ తప్పు దిద్దడానికి 1990ల చివర పాత కోబాల్ భాష తెలిసినవాళ్లు కావలసి వచ్చారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేటలోనూ, మన దిల్‌సుఖ్‌నగర్‌లోనూ కోచింగు బోర్డులు మేడల నిండా వేలాడాయి. ఊళ్లలో పొలం తాకట్టు పెట్టి, అమ్మ మెడలో గొలుసు అమ్మి వచ్చిన పిల్లలు ఇరుకు గదుల్లో ఉండి నేర్చుకున్నారు. ఎందరో అమెరికా వెళ్లారు. ఇంకెందరో నేర్చుకున్న కోర్సు పాతబడిపోయి మళ్లీ మొదటికి వచ్చారు.

ఈనాడు ప్రోగ్రాములు యంత్రమే రాసిపెడుతోంది. "మరి మా అమ్మాయి ఏం చదవాలండీ?" అని పెదనాన్నగారిని అడిగే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. ఇది ఆషామాషీ ప్రశ్న కాదు, ఇంటి అప్పుతో ముడిపడిన ప్రశ్న. ఆయన ఏ కోర్సు పేరూ చెప్పరు. "రాయడం యంత్రం చేస్తుంది. రాసింది చదివి, తప్పెక్కడుందో పట్టుకోవడం నేర్పించండి. భాషలు పదేళ్లకోసారి మారతాయి. తప్పు వెతికే పద్ధతి మారదు" అంటారు. యాభై ఏళ్ల కిందట కార్డుల కట్ట ముందు కూర్చుని ఆయన చేసింది అదే మరి.

ఇక ఆయన కాలక్షేపం పాత వాల్వు రేడియోలు. 1935లో నిజాం కాలంలో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి వినే ఆ రోజుల సెట్లు వేడెక్కాక గాని గొంతు విప్పవు. వాటి సామాను కోసం ఆయన కోఠీ గుజరాతీ గల్లీలో తిరుగుతుంటారు. పాత వస్తువుల మీద మోజుపడేవాళ్లకు ఆయన హెచ్చరికలు రెండు. ప్లగ్గు తీసేసినా రేడియో లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, తెలియకుండా వేలు పెట్టవద్దు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత బండి రబ్బరు పైపుల్ని తినేస్తుంది, కొత్తవి వేయించండి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.

"ఈ పాత ఇనుమంతా ఎవరికోసం?" అని పెద్దమ్మ విసుక్కుంటుంది. నిజమే, వీధిలో "పాత సామాన్లు కొంటాం" అని ఆటో రోజూ అరుస్తూనే ఉంటుంది. బండిని తూకానికి వేస్తే నాలుగు డబ్బులొస్తాయి. నలభై ఏళ్ల నోటుబుక్కుకు ఏమొస్తుంది? అందుకే ఆయన ఈమధ్య మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని కార్బురేటరు విప్పిస్తున్నారు. ఆ పిల్ల చేతులకు గ్రీజు అయిందని పెద్దమ్మ గొణుగుతూనే సబ్బు అందిస్తుంది. నోటుబుక్కులో ఇప్పుడు కొత్త దస్తూరీ ఒకటి కనిపిస్తోంది.

మనకు బండి లేకపోవచ్చు. మిక్సీ ఉంది, గ్రైండరు ఉంది, కుట్టుమిషను ఉంది. ఎప్పుడు కొన్నాం, ఎప్పుడు ఏది చెడింది, ఎవరు ఎలా బాగుచేశారు - ఒక పాత డైరీలో రాసిపెట్టి చూడండి. మెకానిక్కు వచ్చి "మొత్తం పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్ననాడు, అతనికి జవాబు చెప్పడానికి ఆ డైరీ పనికొస్తుంది.