ఆరావళి బాటలు: సైకిలు కంటె ముందు లారీ

ఆదివారము తెల్లవారకమునుపే గుర్గావ్ నుండి ఫరీదాబాద్ దిక్కుగా, హెల్మెట్లు పెట్టుకొని, సన్నని టైర్ల సైకిళ్లపై బారులు తీరి పోవువారిని గూర్చి పత్రికలలో వ్రాయువారు ఇంచుమించుగా ఒకే కథ చెప్పుచుందురు. ఒకప్పుడు ఢిల్లీ గుమాస్తాకు ఆధారమైన సైకిలును 1983 డిసెంబరులో గుర్గావ్ కర్మాగారము నుండి వెలువడిన మారుతి కారు మూలబెట్టినదనియు, పాతికేండ్ల పిమ్మట విదేశములు చూచివచ్చిన ఉద్యోగులు ఖరీదైన సైకిళ్లు తెప్పించుకొని, ఆరావళి గుట్టలలో దారులు కనిపెట్టి, దానినొక క్రీడగా నిలబెట్టిరనియు ఆ కథ. వినుటకు ఇంపుగానే యున్నది. కాని పతనమునకు చెప్పిన కారణముగాని, పునరుద్ధరణకు చెప్పిన కారణముగాని విచారణకు నిలువదు.

తొలినాళ్ల సంగతి అందరెరిగినదే గనుక దానిపై ఎక్కువసేపు ఆగనక్కరలేదు. 1911 డిసెంబరులో రాజధాని మార్పు ప్రకటింపబడుట, 1931లో కొత్త నగరము ప్రారంభమగుట, దొరల మోటారు బండ్లకై వేసిన విశాలవీథులలో గుమాస్తాల సైకిళ్లు కిక్కిరియుట, దేశవిభజనతో 1941లో తొమ్మిది లక్షలున్న జనసంఖ్య 1951 నాటికి పదునేడు లక్షలు దాటుట, ఇవన్నియు గ్రంథములకెక్కిన విషయములే. 1951లోనే సోనీపత్‌లో అట్లాస్ సైకిళ్ల కర్మాగారము వెలసెను. ఆ యేడే ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో సైకిలు పందెములును జరిగెను. 1957లో నగర ప్రయాణములలో నూటికి 36 సైకిలుపైననే సాగుచుండెను. 1962 నాటి మాస్టర్ ప్లాను సైకిలు బాటలను వేయవలెనని చెప్పెను గాని, చెప్పినదానిలో నేలమీదికి దిగినది స్వల్పము.

ఇక మారుతి మాట. ఆ 36 పాళ్లు 1969 నాటికి 28కిని, 1981 నాటికి 17కును పడిపోయెను. అనగా మొదటి మారుతి రోడ్డెక్కుటకు రెండేండ్లు ముందే సైకిలు తన చోటులో సగమునకు మించి కోల్పోయి యుండెను. కచేరీ ఒకచోట, కొత్త కాలనీ పది పదునైదు కిలోమీటర్ల ఆవల, నడుమ రింగు రోడ్డు, దానిపై 1982 ఆసియా క్రీడలకై లేచిన ఫ్లైఓవర్లు: ఈ విస్తరణమే సైకిలును వెనుకకు నెట్టినది. 1994 నాటికి ఆ పాలు ఏడుకు దిగుటలో కార్లకును, అంతకంటె హెచ్చుగా స్కూటర్లకును భాగము కలదని ఒప్పుకొనవలసినదే. అయినను ఒరిగిన చెట్టుపై కడపటి వేటు వేసినవానికి, కూల్చిన ఖ్యాతి యంతయు కట్టబెట్టరాదు.

నేను ముఖ్యముగా పరిశీలింపదలచినది రెండవ యంశము. ఆరావళి శ్రేణి యొక్క ఉత్తరపు కొస ఢిల్లీలో అంతమగును. నగరమున కెల్ల ఎత్తయిన చోటు భాటీ దగ్గర సుమారు 318 మీటర్లు. యమునాతీరపు మైదానముకంటె నూరు మీటర్ల పైచిలుకు మాత్రమే. 2,757 మీటర్ల ఎత్తున నున్న ఆల్ప్స్ కనుమ స్టెల్వియోను ఎక్కినవారికి దీనిని కొండయనుట నవ్వు పుట్టించును. కాని ఒక్క విషయమున ఈ రెండింటికిని పోలిక కలదు. స్టెల్వియో మార్గమును 1820–25 సంవత్సరముల నడుమ ఆస్ట్రియా సామ్రాజ్యము లొంబార్డీని తన తక్కిన రాజ్యముతో కలుపుకొనుటకై వేయించెను. సైకిలు పందెగాండ్రు ఆ మలుపులకు వచ్చుట శతాబ్దము దాటిన పిమ్మటి ముచ్చట. ఆరావళి బాటలును అట్లే వేరు పనికై పుట్టినవి. ఆ పని రాతిగనుల పని.

విభజనానంతరము ఢిల్లీలో లేచిన ఇండ్లకు రాయి, కంకర, మేస్త్రీలు నేటికిని బదర్‌పూర్ అని అడుగు ముతక ఎర్రయిసుక ఈ గుట్టల నుండియే వచ్చెను. భాటీ గనులలో తవ్వినవారిలో పెక్కుమంది విభజనలో సరిహద్దు దాటి వచ్చిన ఓడ్‌లు. మన వడ్డెరలవలె మట్టిపని, రాతిపని కులవృత్తిగా గలవారు. వారు పగులగొట్టిన రాయిని క్రషర్లకును, క్రషర్ల నుండి నగరమునకును మోయుటకు లారీలు నలుగగొట్టిన బాటలే నేడు మాంగర్, పాలీ, ధౌజ్ పేర్లతో సైకిలువారి నోట నానుచున్నవి. నిండు లారీ ఎక్కదగిన వాలు కావలెను గనుక ఈ బాటలలో ఎక్కుడు నిడివిగా, నెమ్మదిగా సాగును. నిట్టనిలువు చఢాయి అరుదు. ఈ కడపటి మాట నా యూహయే యైనను, ఆ వాలును కాళ్లతో ఎరిగినవారెవరును దీనిని కాదనరని తలచెదను.

అట్టి బాటలపై వేడుకకై సైకిలు త్రొక్కుట 1980ల నాటి దుమ్ములో, లారీల రద్దీలో ఊహింపరాని పని. ఆ స్థితిని మార్చినది క్రీడాసంఘములు కావు, పురపాలకులు కారు, న్యాయస్థానము. 1990లో భాటీ గనులు మూతపడగా, 1991లో ఆ నేల అసోలా అభయారణ్యమున కలిసెను. 1992 మే 15న పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, లాల్ కువా, ఆనంద్ పర్బత్, రజోక్రీ, తుగ్లకాబాద్ ప్రాంతముల క్రషర్లు ఆగస్టు 15 నుండి ఆగిపోవలెనని తీర్పు చెప్పెను. ఈ తీర్పునే మూలకారణముగా గైకొనుట సులభము. కాని అది పొరపాటు. ఆ తీర్పే క్రషర్ల యజమానులకు హర్యానాలోని పాలీ గ్రామమున స్థలము చూపుమనెను. కావున కొంతకాలము కొండబాటలపై లారీలు తగ్గుటకు మారుగా పెరిగియే యుండును. అసలు మలుపు 2002లో ఆరావళిలో తవ్వకముపై వచ్చిన నిషేధముతో మొదలై, 2009 మేలో ఫరీదాబాద్, గుర్గావ్, మేవాత్ ప్రాంతములలో గనులన్నియు నిలుపబడుటతో పూర్తియయ్యెను. సైకిలు బృందములు ఈ కొండలకు విరివిగా రాసాగినదియు సరిగా ఈ యేండ్లలోనే.

కాలము కలిసినంత మాత్రమున కారణము సిద్ధింపదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. గుర్గావ్ జీతములు లేకున్న ఆ సైకిళ్లు లేవు, నిజమే. రాత్రివేళ దొంగతవ్వకము ఆగలేదు, అదియు నిజమే. అయితే ఖరీదైన సైకిలు కొనగలవారు నోయిడాలోను, ఘాజియాబాద్‌లోను కావలసినంతమంది కలరు. వారును కొండయెక్కవలెనన్న యమున దాటి ఇచటికే రావలెను. డబ్బు సైకిలునిచ్చును గాని ఖాళీ బాటను ఈయదు. గ్వాల్ పహాడీ దాటి మాంగర్ వైపు పోవునపుడు పక్కకు చూచినచో ఈ సంగతి కంటికే తెలియును: నిలువుగా కోసిన రాతిగోడలు, భూజలమునకు దిగువ దాక తవ్వి విడిచిన గోతులలో నిలిచిన నీలపు నీరు, ఒడ్డున బలిసిన విలాయతీ కీకర్, అనగా మన సర్కారు తుమ్మ. దాని ముల్లు రోడ్డంచున రాలి టైరులో దిగుట ఈ బాటల నిత్యకృత్యము. పంచరు సామాను లేక బయలుదేరినవాడు గంటలకొలది లారీవాని దయకై నిలుచును.

నేటి స్థితిని మెచ్చుకొనుటకు నాకు మనసొప్పదు. గుర్గావ్–ఫరీదాబాద్ మార్గము 2012 నాటికి నాలుగు వరుసల టోలు రోడ్డయ్యెను. రాతి లారీలు పోయినచోట కార్ల వేగము వచ్చెను. బంధ్వాడీ చెత్తగుట్టకు పోవు బండ్లు వేరు. 2010 కామన్వెల్త్ క్రీడలకై నోయిడా–గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వేను మూసి టైమ్ ట్రయల్ పందెములు నడిపిరి. డేవిడ్ మిల్లర్, టారా విటెన్ స్వర్ణములు గెలిచిరి. మరునాటికి ఆ రోడ్డు మరల కార్లదయ్యెను. అంతకు రెండేండ్లు ముందు, అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ దాక 5.8 కిలోమీటర్ల బస్సు కారిడారులో సైకిలునకు ప్రత్యేకపు బాట వేయబడెను. దానిలో లోపములు లేకపోలేదు. అయినను ఢిల్లీలో పనికి పోవు సైకిలువానిని లెక్కలోనికి తీసికొన్న కట్టడము అదొక్కటియే యని చెప్పదగును. దానిని తొలగింపుమని వేసిన వ్యాజ్యమును 2012లో హైకోర్టు కొట్టివేసినను, 2016లో ప్రభుత్వమే పెకలించెను. కార్లవారి కేకలు కోర్టు తీర్పుకంటె గట్టిగా వినబడెను కాబోలు. 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిలు దినమున, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారము మూతపడెను.

ఈ కథలు వ్రాయువారి కంటికానని మనుష్యుడొకడు కలడు. అదే కొండబాటపై, అదే తెల్లవారుజామున, హ్యాండిలునకు టిఫిను క్యారియరు తగిలించుకొని, హెల్మెటు లేక, గేర్లు లేని సైకిలుపై ఫరీదాబాద్ కర్మాగారమునకు పోవువాడు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించు బ్రెవేలను దూరపు సైకిలు యాత్రలను గూర్చి వ్యాసములు వచ్చుచున్నవి. ఇతని నిత్యప్రయాణమును గూర్చి రావు. హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకముల నీడలో తెరచిన 23 కిలోమీటర్ల బాటను చూచి మనవారు గర్వపడుచున్నారు. అదియు పనికి పోవువానికంటె వ్యాయామము చేయువానికే ఎక్కువ పనికివచ్చును.

కొండబాటల భవిష్యత్తు ఇప్పటికిని న్యాయస్థానము చేతిలోనే యున్నది. చుట్టునున్న నేలకంటె నూరు మీటర్ల ఎత్తుగలదే ఆరావళి కొండయను నిర్వచనమును 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అంగీకరించి, దేశమంతట గగ్గోలు లేవగా, డిసెంబరు 29న ఆ యుత్తరువును తానే నిలిపివేసెను. ఆ కొలబద్ద మరల అమలులోనికి వచ్చినచో ఢిల్లీ దక్షిణపు గుట్టలలో పెక్కింటికి కొండయను పేరే దక్కకపోవచ్చును. అప్పుడు ఈ బాటలను పుట్టించిన లారీలే వాటిని తిరిగి అడుగును.