చెట్లు నరికి అడవిని కాపాడటం: ఫ్లాగ్‌స్టాఫ్ కథ

అడవికి నిప్పంటుకుంటే ఏం చెయ్యాలి? చిన్నపిల్లాణ్ణి అడిగినా ఆర్పెయ్యాలనే చెప్తాడు. మరి కనపడ్డ ప్రతి మంటనీ నూరేళ్ళపాటు ఆర్పుకుంటూ పోతే ఏమవుతుంది? అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ అనే కొండ ఊరి చరిత్రలో దీనికి జవాబు ఉంది. గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామంది ఈ ఊళ్ళో రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి వెళ్ళిపోతుంటారు. ఊరి చుట్టూ ఉన్న పైన్ చెట్లని చూసి "అబ్బ, ఎంత దట్టంగా ఉందో" అని ఫొటోలు తీసుకుంటారు. అసలు తంటా అంతా ఆ దట్టంలోనే ఉంది.

ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. చుట్టూ పాండెరోసా పైన్ అడవి. ఈ చెట్టు మంటతో కాపురం చెయ్యడం నేర్చుకున్న చెట్టు. బెరడు మందంగా ఉంటుంది, పెరిగేకొద్దీ కింది కొమ్మల్ని తనే వదిలించుకుంటుంది. పూర్వం వేసవిలో పిడుగు పడి గడ్డి అంటుకుంటే, ఆ మంట నేలబారుగా పాక్కుంటూ పోయేది. ఎండుటాకులూ, పిల్ల మొక్కలూ మాడిపోయేవి. పెద్ద చెట్లకి మహా అయితే మొదట్లో ఒక మచ్చ మిగిలేది, అంతే.

ఈ సంగతి మనకెలా తెలిసిందనేది ఇంకో మంచి కథ. 1894లో లోవెల్ అబ్జర్వేటరీకి చోటు వెతకడానికి డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఫ్లాగ్‌స్టాఫ్ వచ్చాడు. సూర్యుడి మీది మచ్చలకీ ఇక్కడి వానలకీ సంబంధం ఉందేమోనని ఆ తర్వాత పైన్ మొద్దుల్లో వలయాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. చెట్టు వలయాలతో కాలాన్ని లెక్కగట్టే శాస్త్రం అలా పుట్టింది. తర్వాతి తరాల వాళ్ళు అదే పద్ధతిలో కాలిన మచ్చల్ని చదివారు. ఇక్కడి అడవుల్లో చాలాచోట్ల పదేళ్ళ లోపే ఒకసారి మంట వచ్చి పోయేదని తేలింది. ఆ మచ్చలు 1880ల దగ్గర దాదాపు ఆగిపోతాయి!

ఎందుకు ఆగిపోయాయి? 1882లో రైలొచ్చింది. దాంతోపాటు వేలకొద్దీ గొర్రెలూ, పశువులూ వచ్చి గడ్డంతా మేసేశాయి. మంట పాకడానికి దారే లేకుండా పోయింది. సామిల్లులు పెద్ద చెట్లని కొట్టేశాయి. మళ్ళీ మొక్కలు మొలవట్లేదేమిటని కంగారు పుట్టి, 1908లో ఇక్కడి ఫోర్ట్ వ్యాలీలో అటవీశాఖ తన మొట్టమొదటి పరిశోధనా కేంద్రం పెట్టింది. తమాషా చూడండి, 1919లో విత్తనాలూ వానలూ ఒక్కసారే కలిసొచ్చి ఈ ప్రాంతమంతా లక్షలాది మొక్కలు మొలిచాయి. పాత రోజుల్లో ఐతే ఆ తర్వాతి గడ్డిమంటల్లో వాటిలో చాలా భాగం పోయేవి. ఈసారి మంటే రాలేదు. అన్నీ బతికాయి.

మంట ఎందుకు రాలేదో తెలియాలంటే 1910కి వెళ్ళాలి. ఆ ఏడాది ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో రెండే రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు తగలబడి, 80 మందికి పైగా చనిపోయారు. అమెరికా అటవీశాఖకి అప్పటికి అయిదేళ్ళే. ఆ దెబ్బతో మంట అంటేనే శత్రువు అని తీర్మానం చేసుకున్నారు. 1935లో ఏకంగా ఒక రూలు పెట్టారు: ఎక్కడ మంట కనపడ్డా మర్నాడు పొద్దున పది గంటలకల్లా అదుపులోకి రావాలి. 1944లో స్మోకీ బేర్ అనే ఎలుగుబంటి బొమ్మ వచ్చి పిల్లలకి కూడా అదే పాఠం చెప్పింది. వాళ్ళని తెలివితక్కువ వాళ్ళనడం అన్యాయం. కళ్ళముందు అంతమంది చనిపోతే ఎవరైనా అదే చేస్తారు. 1943లోనే హెరాల్డ్ వీవర్ అనే ఫారెస్టరు ఈ పైన్ అడవికి మంట అవసరమని వ్యాసం రాశాడు. చాలాకాలం పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది అప్పు. ఇవాళ చెయ్యాల్సిన శుభ్రం రేపటికి వాయిదా వేసుకుంటూ పోతే వడ్డీ పెరుగుతుంది. ఎకరాకి కొన్ని పదుల చెట్లుండే చోట వందల కొద్దీ సన్నటి చెట్లు ఇరుక్కుని నిలబడ్డాయి. ఇప్పుడు నేల మీద మంట పుడితే ఆ సన్న చెట్లు నిచ్చెనలా పనిచేస్తాయి. మంట వాటి మీదుగా పైకెక్కి, కొమ్మల్లోనే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి దూకుతుంది. అప్పుడు పెద్ద చెట్లు కూడా మిగలవు.

అందుకే సన్న చెట్లని పలచన చేసి, ఆ తర్వాత జాగ్రత్తగా చిన్న మంట పెట్టాలని నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీ ప్రొఫెసర్ వాలీ కోవింగ్టన్ లాంటి వాళ్ళు వాదించారు. 1996 వేసవిలో ఊరి దగ్గర రెండు పెద్ద కార్చిచ్చులు వచ్చాక ఊరివాళ్ళూ, అధికారులూ కదిలారు. ఇదంతా కలప కంపెనీల కోసమేనని కొందరు పర్యావరణవాదులు అడ్డుపడ్డారు. వాళ్ళ అనుమానం ఊరికే పుట్టలేదు, పెద్ద చెట్లని కొట్టుకుపోయిన చరిత్ర కళ్ళముందే ఉంది. కానీ అసలు చిక్కు ఇంకోటి. తియ్యాల్సినవి సన్న చెట్లు, వాటిని కొనే నాథుడు లేడు. మరి డబ్బులెవరు పెట్టాలి?

జవాబు 2010 తర్వాత వచ్చింది. ఆ జూన్‌లో ఎవరో ఆర్పకుండా వదిలేసిన క్యాంప్‌ఫైరు వల్ల షుల్ట్జ్ ఫైర్ మొదలై 15,000 ఎకరాలు కాలింది. ఒక్క ఇల్లు కూడా కాలలేదు, హమ్మయ్య అనుకున్నారు. జులైలో వానలొచ్చాయి. కాలిన కొండ నీళ్ళు పీల్చుకోలేదు. వరద కిందున్న ఇళ్ళమీద పడింది, పన్నెండేళ్ళ పాప కొట్టుకుపోయి చనిపోయింది. మంట ఆరినంత మాత్రాన ప్రమాదం పోదని ఊరికి అప్పుడర్థమైంది. 2012 నవంబరులో కోటి డాలర్ల బాండుకి దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఓటేశారు. ఊరి పైనున్న డ్రై లేక్ హిల్స్‌లోనూ, తాగునీటి చెరువు పైనున్న మార్మన్ మౌంటెన్‌లోనూ చెట్లు పలచన చెయ్యడానికి. అందులో ఎక్కువ భాగం ఊరి భూమి కాదు, కేంద్ర ప్రభుత్వానిది! ఐనా తమ జేబులోంచి ఇస్తామన్నారు.

ఇక్కడ విధి వెక్కిరించింది కూడా. 2019 జులైలో ఆ పనికే వాడుతున్న యంత్రం రాయికి తగిలి నిప్పు పుట్టింది. మ్యూజియం ఫైర్ సుమారు 2,000 ఎకరాలు కాల్చింది, 2021లో ఆ కొండ మీంచి వరదలు ఊళ్ళోకొచ్చాయి. "చూశారా, అందుకే ముట్టుకోవద్దన్నాం" అనొచ్చు. నేను మాత్రం ఆలస్యం ఎంత ఖరీదైందో దీంట్లో చూస్తాను. అడవి ఎండేకొద్దీ, చెట్లు చిక్కబడేకొద్దీ, బాగుచేసే పని కూడా ప్రమాదమే అవుతుంది. అప్పు తీర్చడం కూడా కష్టమయ్యే దశ అన్నమాట.

పని చేస్తుందా అంటే, 2011 వాలో ఫైర్ చూడండి. అరిజోనాలో మొదలై మొత్తం 5,38,000 ఎకరాలు కాల్చిన ఆ మంట ఆల్పైన్ అనే ఊరి వైపు కొమ్మల్లో దూకుతూ వచ్చి, ముందే పలచన చేసిన చోట నేలకి దిగింది. అగ్నిమాపక సిబ్బందికి నిలబడి పోరాడే అవకాశం దొరికింది. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. 2018లో కాలిఫోర్నియాలోని పారడైజ్ ప్రాంతంలో 85 మందిని బలిగొన్న మంటని గాలి తరిమింది, నిప్పురవ్వలు ఎగిరొచ్చి ఇళ్ళమీద పడ్డాయి. ఇంటి కప్పూ, ఇంటి చుట్టూ ఉన్న చెత్తా సంగతి చూసుకోకుండా దూరంగా ఉన్న అడవిని బాగుచేస్తే సరిపోదు.

మనకూ కొండమీద ఊళ్ళున్నాయి. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవులు అంటుకుంటే వాయుసేన హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. ఐతే మన అడవి వేరు, ఆకురాల్చే చెట్లు వేరు. పాండెరోసా వైద్యం ఎర్రచందనానికి చేస్తే ఉన్నదీ పోతుంది. అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది రంపం కాదు, లెక్క. మన అడవికి ఎంత మంట అలవాటు, ఎప్పుడు అలవాటు అని ముందు తెలుసుకోవడం.

రాని మంటకి ఎవరూ చప్పట్లు కొట్టరు. హెలికాప్టర్ నీళ్ళు చల్లితే టీవీలో వస్తుంది, మార్చిలో ఎండుటాకులు ఊడ్చినవాడి పేరు ఎక్కడా రాదు. అందుకే ఫ్లాగ్‌స్టాఫ్ ఓటర్లంటే నాకు గౌరవం. రాకూడని మంట కోసం, తమది కాని భూమి మీద, తమ డబ్బులు ఖర్చుపెట్టారు. 2022లో మళ్ళీ పైప్‌లైన్ ఫైర్ వచ్చి 26,000 ఎకరాలు కాల్చిందంటే పని ఇంకా ఎంత మిగిలుందో ఊహించుకోండి. నూట నలభై ఏళ్ళ అప్పు మరి, ఒక్క వాయిదాతో తీరదు కదా!