పేస్‌మేకర్ – దూరం తగ్గిన వైద్యం



మన కర్నూలు, కడప ప్రాంతాల్లో పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే "ఎండదెబ్బ" అనో, "వయసు మీదపడింది" అనో సరిపెట్టుకుంటాము. కొందరిలో అసలు కారణం హార్ట్ బ్లాక్. గుండె పైగదిలో పుట్టే విద్యుత్ సంకేతం కిందిగదికి అందదు. నాడి నిమిషానికి 40 కంటే తగ్గిపోవచ్చు. అశ్రద్ధ చేస్తే ప్రాణాపాయం.

దీనికి విరుగుడైన పేస్‌మేకర్‌ను తొలిసారి మనిషి శరీరంలో అమర్చినది 1958 అక్టోబరు 8న, స్వీడన్‌లో. రోగి 43 ఏళ్ల ఆర్నె లార్సన్. ఆయన భార్య పట్టుబట్టి ఒప్పించగా ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ పరికరం తయారుచేశారు, డాక్టర్ సెన్నింగ్ అమర్చారు. అది కొన్ని గంటలే పనిచేసింది! తర్వాత 20కి పైగా పరికరాలు మార్చుకున్న లార్సన్, ఆ ఇద్దరి కంటే ఎక్కువ కాలం బ్రతికి 2001లో 86వ ఏట వేరే జబ్బుతో కన్నుమూశారు. 1970లలో లిథియం బ్యాటరీ రావడంతో పరికరాలు ఏళ్ల తరబడి పనిచేయసాగాయి.

నేను గుమాస్తాగా చేరిన ఆ రోజుల్లో కడపవాళ్లకు గుండె వైద్యమంటే వేలూరు లేదా మద్రాసు. రైలు ఛార్జీలు, సెలవు చీటీ, చేబదుళ్లు! 1993లో తిరుపతి స్విమ్స్ తెరవడంతో దూరం తగ్గింది. 2007లో పొరుగు అనంతపురంతో సహా 3 జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, మరుసటి ఏడాది రాష్ట్రమంతటా వచ్చి పేదలకు ఖర్చు భయం తగ్గించింది.

కనుక మిత్రులారా, కళ్లు తిరిగితే ఎండను నిందించి ఊరుకోక ఈసీజీ తీయించుకోండి. పేస్‌మేకర్ ఉన్నవారు, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినంత శ్రద్ధగా బ్యాటరీ తనిఖీ చేయించుకోండి.