పాత సింథసైజర్లు, కొత్త నకళ్ళు: ఒక వాద్యం ధర చెప్పే చరిత్ర

గత పాఠాల్లో యంత్రాల చరిత్ర చదివేటప్పుడు మనం ప్రధానంగా రెండు ప్రశ్నలు వేసుకున్నాం: దీన్ని ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు అని. ఈ పాఠంలో మూడో ప్రశ్న వేద్దాం. ఆ యంత్రం ఎంతకు దొరికింది? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, కొన్ని సందర్భాల్లో మొదటి రెండింటి కంటే ఇదే మనకు ఎక్కువ విషయాలు చెబుతుంది. ఇందుకు ఉదాహరణగా అనలాగ్ సింథసైజర్ అనే వాద్యాన్నీ, నేడు చౌకగా తయారవుతున్న దాని నకళ్ళనూ తీసుకుందాం. ఈ నకళ్ళను సంగీతకారులు క్లోన్లు అంటారు.

సింథసైజర్ అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. వీణలో తీగ కంపిస్తే, వేణువులో గాలి కంపిస్తే నాదం పుడుతుంది. అనలాగ్ సింథసైజర్‌లో కంపించేది విద్యుత్తు. ఆసిలేటర్ అనే వలయం ఒక ముతక ధ్వనిని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులో కొంత భాగాన్ని వడగట్టి ఆ ధ్వనికి మెత్తదనాన్నో పదునునో ఇస్తుంది. ధ్వని ఎంత వేగంగా లేవాలి, ఎంత నెమ్మదిగా అణగాలి అన్నది మరో వలయం చూసుకుంటుంది. వీటన్నిటినీ నడిపేది వోల్టేజి. అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మూగ్ 1964లో న్యూయార్క్‌లో జరిగిన ఆడియో ఇంజనీర్ల సదస్సులో ఇలాంటి పరికరాలను ప్రదర్శించాడు. ఒక వోల్టు పెంచితే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి పైకి పోవాలన్న పద్ధతి ఆయన వాద్యాల ద్వారానే వ్యాప్తిలోకి వచ్చింది.

మూగ్ తొలి వాద్యాలు బీరువాలంత ఉండేవి. విశ్వవిద్యాలయాలు, పెద్ద స్టూడియోలు, బాగా డబ్బున్న సంగీతకారులు మాత్రమే వాటిని కొనగలిగేవారు. 1970లో వచ్చిన మినీమూగ్ ఈ పరిస్థితిని కొంత మార్చింది. మూడు ఆసిలేటర్లు, 44 మెట్లు, ఒకసారికి ఒకే స్వరం. చంకన పెట్టుకొని కచేరీకి తీసుకుపోవచ్చు. అయితే ధర సుమారు 1,500 డాలర్లు. అంటే ఇది కూడా సామాన్యుడి వాద్యం కాదు. 1981లో ఉత్పత్తి ఆగేనాటికి తయారైనవి 12,000 పైచిలుకు మాత్రమే. దీని ప్రత్యేకత ఫిల్టర్‌లో ఉంది. ట్రాన్సిస్టర్లను నిచ్చెన మెట్లలా జతలు జతలుగా పేర్చిన ఆ వలయానికి మూగ్‌కు 1969లో పేటెంట్ లభించింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ గడువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్ళు. అంటే 1986తో ఆ హక్కు తీరిపోయింది. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి, దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

1983లో జపాన్ సంస్థ యమహా డీఎక్స్-7 అనే డిజిటల్ సింథసైజర్‌ను విడుదల చేసింది. అది శ్రుతి తప్పదు, ఒకేసారి 16 స్వరాలు పలికిస్తుంది. వేడెక్కితే శ్రుతి జారిపోయే అనలాగ్ వాద్యాలు ఒక్కసారిగా పాతబడిపోయాయి. చాలామంది వాటిని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

జపాన్‌లోనే మరో సంస్థ రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను తెచ్చింది. దాన్ని రూపొందించింది తడావో కికుమోటో. ఒంటరిగా సాధన చేసుకొనే గిటారు వాద్యకారుడికి తోడుగా బేస్ గిటారు వాయించిపెట్టడం దాని పని. ఆ పనిలో అది ఘోరంగా విఫలమైంది. దాని శబ్దం బేస్ గిటారును పోలి ఉండదు. అందులో స్వరాలు నమోదు చేయడం పెద్ద తలనొప్పి. సుమారు 10,000 తయారుచేసి 1984లో రోలాండ్ ఉత్పత్తి నిలిపివేసింది. కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 400 డాలర్లున్న ఆ పెట్టె పాత సామాన్ల దుకాణాలకు చేరి నామమాత్రపు ధరకు అమ్ముడుపోయేది.

చికాగోలో ఫ్యూచర్ అనే బృందంగా ఏర్పడిన ముగ్గురు నల్లజాతి యువకుల చేతికి అలాంటి పెట్టె ఒకటి వచ్చింది. దాన్ని సరిగా వాడే పద్ధతి వాళ్ళకు తెలియదు. యంత్రం తనపాటికి తాను స్వరాలు వాయిస్తూ ఉంటే, పైనున్న ఫిల్టర్ మీటలు తిప్పుతూ పోయారు. ధ్వని కీచుమంటూ, గుటకలు వేస్తూ, వంకర్లు తిరిగింది. 1987లో 'యాసిడ్ ట్రాక్స్' పేరుతో విడుదలైన ఆ రికార్డు నుంచి యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీతం పుట్టి లండన్, మాంచెస్టర్ దాకా పాకింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. టీబీ-303 చరిత్ర సృష్టించింది అది మంచి వాద్యం కావడం వల్ల కాదు, ఎవరికీ అక్కరలేక చౌకగా దొరకడం వల్ల.

ఈ మాటకు ఒక ఆక్షేపణ ఉంది, అది మన దేశం నుంచే వస్తుంది. బొంబాయి సినిమా సంగీతంలో వాద్యకారుడిగా పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే, అంటే చికాగో యువకుల కంటే ఐదేళ్ళ ముందే, టీబీ-303ను, టీఆర్-808 తాళ యంత్రాన్ని, జూపిటర్-8 సింథసైజర్‌ను కలిపి పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశాడు. భైరవి, యమన్, మాల్కౌన్స్ వంటి రాగాలు అందులో ఉన్నాయి. టీబీ-303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సౌకర్యం ఉంది. గమకానికి అలవాటుపడిన చెవి దాని విలువను వెంటనే పసిగట్టిందని ఆ రికార్డు వింటే తెలుస్తుంది. కానీ అది అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో తిరిగి విడుదలయ్యాకే ప్రపంచం ఆశ్చర్యపోయింది.

మరి బొంబాయిలో ఎందుకు ఒక సంప్రదాయం పుట్టలేదు? నా అభిప్రాయం చెబుతాను, మీరు అంగీకరించనక్కరలేదు. 1980ల తొలినాళ్ళలో మన దేశంలో విదేశీ ఎలక్ట్రానిక్ పరికరాల మీద దిగుమతి సుంకం భారీగా ఉండేది. అలాంటి పెట్టె సంపాదించుకోగలిగిన వాద్యకారుడు వెయ్యిమందిలో ఒకడు. సింగ్ వాయించింది విని "నేనూ ప్రయత్నిస్తాను" అనుకొనే కుర్రవాడికి ఆ యంత్రం అందుబాటులో లేదు. చికాగోలో ఉంది. ముందుగా చేసినవాడు ఎవరు అన్న ప్రశ్నతోనే ఆగిపోతే ఈ తేడా మనకు కనిపించదు.

పేరు రాగానే ధర పెరిగింది. ఇంకెవరూ తయారుచేయని ఆ పది వేల పెట్టెలు సేకరణకర్తల వస్తువులై, వేల డాలర్లు పలికాయి. మినీమూగ్ పరిస్థితీ అంతే. చౌకదనం వల్ల పుట్టిన సంగీతానికి మూలవాద్యం, ఆ సంగీతాన్ని పుట్టించిన తరగతి వాళ్ళకే అందకుండాపోయింది.

ఈ ఖాళీని పూరించడానికి మూడు రకాల ప్రయత్నాలు జరిగాయి. మొదటిది, హక్కుదారులే పాత వాద్యాన్ని మళ్ళీ తయారుచేయడం. కోర్గ్ సంస్థ 1978 నాటి ఎంఎస్-20ని 2013లో కొంచెం చిన్న పరిమాణంలో తిరిగి తెచ్చింది. మూగ్ సంస్థ 2016లో మినీమూగ్‌ను మళ్ళీ చేసింది గానీ ధర సుమారు 3,500 డాలర్లు. రెండోది, పాత ధ్వనిని డిజిటల్ లెక్కలతో అనుకరించడం. రోలాండ్ 2016లో తెచ్చిన టీబీ-03 ఇలాంటిది. మూడోది, పాత వలయాన్నే ఇతరులు తీసుకొని తిరిగి నిర్మించడం. అసలైన క్లోన్ ఇదే. ఈ మార్గంలో అందరికంటే పెద్ద అడుగు వేసింది జర్మనీలో 1989లో మొదలై, ఇప్పుడు చైనాలోని జోంగ్‌షాన్‌లో భారీ కర్మాగారం నడుపుతున్న బేరింగర్. మినీమూగ్ నకలుగా అది తెచ్చిన మోడల్ డీ సుమారు 300 డాలర్లకు, టీబీ-303 నకలుగా 2019లో వచ్చిన టీడీ-3 సుమారు 150 డాలర్లకు దొరికాయి.

ఇంత చౌక ఎలా సాధ్యమైంది? చైనాలో కూలి తక్కువ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. పాత వాద్యంలో ప్రతి భాగాన్నీ బోర్డు రంధ్రాల్లో గుచ్చి టంకం వేయాలి, ఆపైన ఒక్కొక్క వాద్యాన్ని మనిషి కూర్చుని శ్రుతి చేయాలి. ఇప్పుడు ఆవగింజంత భాగాలను యంత్రాలే బోర్డు ఉపరితలం మీద అంటిస్తాయి. బేరింగర్ మాతృసంస్థకు కూల్ ఆడియో అనే సొంత చిప్పుల విభాగం ఉంది. ఎప్పుడో ఆగిపోయిన పాత సింథసైజర్ చిప్పులను అది మళ్ళీ తయారుచేస్తుంది. మరొక కారణాన్ని చాలామంది గమనించరు. మోడల్ డీకి మెట్లే లేవు. 1983లో వాద్యతయారీదారులంతా కలిసి అంగీకరించిన మిడి ప్రమాణం వల్ల ఏ కీబోర్డునైనా దానికి తగిలించవచ్చు. అందువల్ల ఖరీదైన భాగం ఒకటి పూర్తిగా తగ్గింది.

ఇది దొంగతనం కాదా అని మీకు అనిపించవచ్చు. చట్టం దృష్టిలో మూడు విషయాలను విడదీసి చూడాలి. వలయం పేటెంట్ గడువు తీరింది, ఇందాక చెప్పిన 1986 అదే. గడువు తీరిన ఆవిష్కరణ అందరిదీ అవుతుంది. పేటెంట్ ఒప్పందంలోని రెండో సగం అదే. పేరు మాత్రం అలా కాదు, ట్రేడ్‌మార్కును వాడుతూ పునరుద్ధరించుకుంటూ ఉన్నంతకాలం అది నిలుస్తుంది. అందుకే నకలు మీద మూగ్ అనే పేరు కనిపించదు. ఈ పేరుకు చిత్రమైన చరిత్ర ఉంది. రాబర్ట్ మూగ్ తన సంస్థ చేతులు మారి, 1977లో దాన్ని విడిచిపెట్టాక, తన సొంత పేరుతో సింథసైజర్లు అమ్ముకొనే హక్కు ఆయనకే లేకుండాపోయింది. 2002లో గానీ అది తిరిగి దక్కలేదు. మూడు సంవత్సరాలకే ఆయన మరణించాడు. ఇక మూడోది రూపం: మీటలు, రంగులు, అమరిక. వివాదాలన్నీ ఎక్కువగా ఇక్కడే. బేరింగర్ నలభై ఏళ్ళనాటి వాద్యాలతో ఆగలేదు. ఫ్రెంచి సంస్థ ఆర్టూరియా ఇంకా అమ్ముకుంటున్న కీస్టెప్ అనే చిన్న కీబోర్డును పోలిన దాన్ని కూడా ప్రకటించి విమర్శలపాలైంది. పాతదాన్ని నకలు చేయడాన్ని నేను సమర్థిస్తాను. దీన్ని సమర్థించలేను. మొదటిదానిలో ఆవిష్కర్తకు రావలసిన గడువు గడిచింది, రెండోదానిలో ఆయన ఇంకా తన ఖర్చు రాబట్టుకుంటున్నాడు.

విద్యార్థులు తొందరపడి చేసే పొరపాటు ఒకటి హెచ్చరిస్తాను. మూగ్ సంస్థను 2023లో ఇన్‌మ్యూజిక్ అనే పెద్ద సంస్థ కొనుగోలు చేసింది. ఆ ఏడాదే ఆష్‌విల్‌లోని ఉద్యోగుల్లో చాలామందికి పని పోయింది. చౌక నకళ్ళే ఇందుకు కారణమని రాసేయాలనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాజాలదు. ఆధారం దొరికేదాకా ఆ వాక్యం రాయకండి.

నకలు అన్న మాటను చిన్నచూపు చూడనక్కరలేదు. మన పద్యనాటక వేదిక మీద రాగం అందించే హార్మోనియం కూడా, 1842లో పారిస్‌లో పేటెంట్ పొందిన కాలితో తొక్కే వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు నేల మీద కూర్చుని చేత్తో వాయించేలా సరళం చేసిన రూపమే.

ఈ పాఠం ముగించేముందు ఒక పని చేయండి. చరణ్‌జిత్ సింగ్ రికార్డులోని భైరవిని, 'యాసిడ్ ట్రాక్స్'ను ఒకదాని తర్వాత ఒకటి వినండి. తర్వాత టీడీ-3 మీద ఎవరైనా వాయించినదాన్ని వినండి. మూడింటిలో ధ్వని ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ వేరవుతుందో రాసుకోండి. దాని పక్కనే మరో వరుసలో, ఆ యంత్రం ఆ రోజున ఆ మనిషి చేతికి ఎలా వచ్చిందో కూడా రాయండి.