చారల పండు ఈగకు పేరు కుదిరిన వైనం

మామిడి, జామ కాయల్లో గుడ్లు పెట్టే పండు ఈగ మన దేశానికి కొత్తది కాదు. దాని శాస్త్రీయ నామం మాత్రం రెండు శతాబ్దాలకు పైగా తగవుగానే నడిచింది. 1794లో ఫాబ్రిషియస్ భారతదేశపు నమూనాకు ‘మస్కా ఫెరుజీనియా’ అని పేరు పెట్టాడు. 1763లోనే స్కోపోలీ ఆ పేరును మరో ఈగకు ఇచ్చేసి ఉన్నందున అది చెల్లలేదు. 1912లో హెండెల్ తైవాన్ ఈగకు పెట్టిన ‘డోర్సాలిస్’ నిలిచింది. ఇప్పుడది బ్యాక్ట్రోసెరా ప్రజాతిలో ఉంది.

గుర్తింపు వీపుతో మొదలవుతుంది. డోర్సాలిస్‌కు వీపు మీద ఇరుపక్కలా పసుపు చారలు, పొట్ట మీద ఇంగ్లిషు ‘టీ’ అక్షరం లాంటి నల్ల గుర్తు ఉంటాయి. దోస, బీర, కాకర పాదుల ఈగకు వీపు నడుమ మూడో పసుపు చార కూడా కనిపిస్తుంది. ఈ రెండోదాన్ని 1899లో కోకిలెట్ హవాయి నమూనాల నుంచి వర్ణించాడు; 2015లో అది జ్యూగోడాకస్ ప్రజాతికి మారింది.

చారలకు తోడు వాసన కూడా ఆధారమైంది. బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన హౌలెట్, సిట్రొనెల్లా నూనెకు మగ ఈగలు మాత్రమే మూగడం గమనించి 1912లో ప్రకటించాడు. వాటిని లాగేది మిథైల్ యూజినాల్ అనే రసాయనమని 1915లో తేల్చాడు. పాదుల ఈగ దానికి రాదు, క్యూల్యూర్ అనే మరో ఎరకు వస్తుంది. ఒక ఈగ ఏ ఎరకు లొంగుతుందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

అసలు చిక్కు డోర్సాలిస్ బంధువులతోనే వచ్చింది. 1994లో డ్రూ, హాన్‌కాక్ ఈ గుంపును 52 జాతులుగా విడదీశారు. వాటిలో 40 కొత్తవి. పపాయే, ఫిలిప్పినెన్సిస్, కారంబొలే అలా వచ్చినవే. 2003లో కెన్యాలో కనబడిన ఈగకు 2005లో ‘ఇన్వాడెన్స్’ అని మరో పేరు వచ్చింది. పేరు మారితే ఎగుమతి ఆంక్షలూ మారతాయి కనుక ఇది పండితుల గొడవగా మిగల్లేదు. చివరికి అవయవాల కొలతలు, డీఎన్‌ఏ, పరస్పర సంపర్కం, మగ ఈగల వాసన రసాయనాలు అన్నీ పరీక్షించారు. 2013లో ఫిలిప్పినెన్సిస్ పపాయేలో కలిసింది; 2015లో పపాయే, ఇన్వాడెన్స్ రెండూ డోర్సాలిస్‌లో కలిశాయి. కారంబొలే మాత్రం వేరుగా నిలిచింది. అంత హడావిడిగా విడదీయడం తొందరపాటే.

ఆంధ్ర, తెలంగాణ మామిడి తోటల్లో మిథైల్ యూజినాల్ ఎర బుట్టలో డోర్సాలిస్‌తో పాటు జొనాటా, కరెక్టా అనే మరో రెండు జాతుల ఈగలు కూడా పడతాయి. మూడింటికీ పక్క చారలు ఉంటాయి కాబట్టి చారలు చూసి తేల్చలేం. రెక్క అంచు చూడాలి. డోర్సాలిస్‌కు అక్కడి నల్ల పట్టీ తెగకుండా కొన దాకా సాగుతుంది, మిగతా రెండింటికీ మధ్యలో తెగి కొసన మచ్చగా మిగులుతుంది. ఆ రెండింటిలో వీపు ఎర్రగా ఉన్నది జొనాటా, నల్లగా ఉన్నది కరెక్టా.