దివ్యాంగుల రాష్ట్ర సలహా మండలి

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 66వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రమూ నియమించాల్సిన సలహా సంఘం. 1995 చట్టం నాటి రాష్ట్ర సమన్వయ, కార్యనిర్వాహక సంఘాల స్థానంలో వచ్చింది. కొత్త చట్టం అమలు తేదీని కొందరు రాష్ట్రపతి ఆమోదం పొందిన 2016 డిసెంబరు 27గా, మరికొందరు కేంద్ర నిబంధనలు వెలువడిన 2017 జూన్ 15గా రాస్తారు. నోటిఫికేషన్ ప్రకారం 2017 ఏప్రిల్ 19నే ప్రామాణికంగా తీసుకోవాలి.

స్వతంత్ర జీవనానికి ఆధారం 5వ సెక్షన్. దివ్యాంగులు ఫలానా చోటే ఉండాలని ఎవరూ నిర్బంధించరాదు. సహాయకుల సేవతో సహా ఇంటి వద్ద తోడ్పాటు అందాలి. భారత్ 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 19వ అధికరణమే దీనికి మూలం. అమెరికాలో 1972 నాటి బర్క్‌లీ స్వతంత్ర జీవన కేంద్రంతో ఊపందుకున్న ఉద్యమం ఫలితంగా, 1992 సవరణలతో ఇందుకోసమే రాష్ట్ర మండళ్లు ఏర్పడ్డాయి. వాటిలో దివ్యాంగులదే మెజారిటీ. మన మండలికి అధ్యక్షుడు శాఖ మంత్రి. స్వచ్ఛంద సంస్థల తరఫున వచ్చే పదిమంది ‘వీలైనంతవరకు’ దివ్యాంగులై ఉండాలి. వారిలో కనీసం ఐదుగురు మహిళలు. ఆ ‘వీలైనంతవరకు’ అన్న మాటే చట్టంలోని పెద్ద లోపం.

మండలిలో జిల్లాలకు వంతులవారీగా ఐదు స్థానాలు, పదవీకాలం మూడేళ్లు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి విడివడి, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు అప్పటికి 26 అయ్యాయి. ఆ లెక్కన ఒకసారి అవకాశం వచ్చిన జిల్లాకు మళ్లీ వంతు రావాలంటే సుమారు పదిహేనేళ్లు ఆగాలి. అందుకే 72వ సెక్షన్ కింది జిల్లా కమిటీయే చిత్తూరు, తిరుపతి జిల్లాలవారికి దగ్గరి వేదిక. పేదరిక నిర్మూలనకు 2000లో మొదలైన వెలుగు పథకపు తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. రాష్ట్రంలో పలు మండలాల్లో వికలాంగుల పొదుపు సంఘాలు, మండల సమాఖ్యలు తర్వాత ఆ బాటలోనే ఏర్పడ్డాయి. నియమిత మండళ్లకంటే ఇవే సభ్యుల గొంతుకు దగ్గరగా ఉండేవనవచ్చు.

తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆస్పత్రి శస్త్రచికిత్సలకు, కృత్రిమ అవయవాలకు పేరుపొందింది. చికిత్స తర్వాత చక్రాల కుర్చీలో ఇల్లు చేరినవారికి గడపే తొలి అడ్డంకి. ఒకటికి పన్నెండు వాలు ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తు అరుగుకు పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. అద్దె ఇంటి ముందు, ఇరుకు సందులో అంత చోటు దొరకడం కష్టం. సదరం ధ్రువపత్రం వైకల్య శాతాన్ని చెబుతుందే గానీ గడప ఎత్తును చెప్పదు. ఇలాంటి అడ్డంకుల తొలగింపుపై సిఫారసులు చేయడం 71వ సెక్షన్ ప్రకారం మండలి విధుల్లో ఒకటి. మండలి ఆరు నెలలకు ఒకసారైనా సమావేశం కావాలన్న చట్టం, జిల్లా కమిటీ ఏ పనులు చేయాలో మాత్రం రాష్ట్ర నిబంధనలకే వదిలింది.