విత్తనం ఎప్పుడు వేయాలో ఏఐ చెప్పగలదా?

జూన్ వచ్చిందంటే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే అనంతపురం పిల్లలకు ఇంటి నుంచి ఒక ఫోన్ తప్పదు. ‘నీ ఫోన్‌లో చూడు నాయనా, వాన ఎప్పుడుందో. చెనిక్కాయ వేయాల్నా, ఆగాల్నా?’ వాతావరణ యాప్ తెరిస్తే రేపు మబ్బుందో లేదో కనిపిస్తుంది. కానీ తండ్రి అడిగేది మబ్బు గురించి కాదు. ఇప్పుడు వేస్తే మొలక బతుకుతుందా అని.

అనంతపురం-కదిరి దారిలో ఉన్న బత్తలపల్లె 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. పేరు మారినా వాన మారలేదు. ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేలలు తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచవు. తొలి వానకే తొందరపడి విత్తితే, వెనకాలే బెట్ట వచ్చిందంటే విత్తనం, దుక్కి, కూలి మూడూ పోయినట్టే. మరీ ఆగితే కాయ ఊరే వేళకు వానలు అయిపోతాయి.

ఇదివరకు ప్రయత్నించారా?

పక్కనే, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో ప్రయత్నించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. 1986 నుంచి 2015 వరకు 30 ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, నేలలో తడి పంట అవసరానికి ఏ వారంలో సరిపోతుందో కంప్యూటర్ మోడల్ అంచనా కట్టింది. జూన్ మొదట్లో విత్తే అలవాటున్న రైతులను నెలాఖరు దాకా ఆగమంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మెసేజ్ వచ్చే మామూలు ఫోన్ చాలు.

సలహా పాటించినవారికి హెక్టారు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. అయితే ఇది పథకం నడిపినవారు చెప్పిన లెక్క, అదీ ఒక్క సీజన్‌ది. అదే ఏడాది ఆగస్టులో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్‌లతో తడులు ఇవ్వాల్సి వచ్చింది. విత్తే తేదీ సరిగ్గా కుదిరినా, ఊడలు దిగే దశలో వచ్చే బెట్టను ఏ సందేశమూ ఆపలేదు.

ఇప్పుడేం మారింది?

వాతావరణ అంచనా అంటే ఇంతకాలం గాలి, వేడి, తేమల సమీకరణాలను సూపర్ కంప్యూటర్లపై గంటల తరబడి లెక్కించడం. ఏఐ మోడళ్లు దశాబ్దాల పాత రికార్డుల నుంచి ఆ తీరును నేర్చుకుని, చాలా తక్కువ సమయంలో ఫలితం ఇస్తాయి. గూగుల్ తయారుచేసిన న్యూరల్ జీసీఎం, ఐరోపా వాతావరణ కేంద్రం వారి ఏఐఎఫ్ఎస్ ఇలాంటివే. కేంద్ర వ్యవసాయ శాఖ 2025లో ఈ రెండింటి ఆధారంగా రుతుపవనాల రాక అంచనాను 13 రాష్ట్రాల్లోని సుమారు 3.8 కోట్ల మంది రైతులకు ఎంకిసాన్ ద్వారా ఎస్సెమ్మెస్‌గా పంపింది. నాలుగు వారాల ముందు దాకా అంచనా ఇచ్చారు. ఆ ఏడాది రుతుపవనాలు ముందే వచ్చి, మధ్యలో దాదాపు 20 రోజులు ఆగిపోయాయి. ఆ విరామాన్ని ఈ మోడళ్లు ముందే పట్టుకున్నాయి. మన రైతుకు పనికొచ్చేది సరిగ్గా ఈ సంగతే.

మరి చిక్కెక్కడ? మోడల్ పెద్ద ప్రాంతానికి ఒక లెక్క చెబుతుంది. మన దగ్గర వాన గట్టుకు అటు పడి ఇటు పడదు. కాబట్టి అంచనా ఎంత బాగున్నా, పొలంలో పదును ఎంత లోతుకు దిగిందో తవ్వి చూసే పని రైతుదే.

ఏది ఎక్కడ అడగాలి?

వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్‌లో జిల్లాల వారీ పంట సలహా తెలుగులోనూ ఉంటుంది. పీఎం కిసాన్ డబ్బుల సంగతి కిసాన్ ఈ-మిత్ర చాట్‌బాట్‌ను తెలుగులో అడగొచ్చు, ఇది 2023 సెప్టెంబరులో వచ్చింది. వేలిముద్ర పడని పెద్దవాళ్లు పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపి ఈ-కేవైసీ పూర్తిచేయొచ్చు. ధ్రువపత్రాల వంటి వాటికి రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ నంబరు 9552300009. ఇది 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది.

మామూలు ఏఐ చాట్‌బాట్‌ను మాత్రం పురుగుమందు మోతాదు అడిగి అదే కొట్టకండి. తప్పు చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది. రకాల ఎంపిక, మందుల విషయం రైతు సేవా కేంద్రంలోనో, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లోనో అడగడం మేలు.

ఒక చిన్న పని మాత్రం నగరంలో ఉన్నవాళ్లదే. ఓటీపీల ఇబ్బంది ఎందుకని నాన్న వివరాల్లో మీ నంబరు ఇచ్చి ఉంటే, ‘వారం ఆగండి’ అనే సందేశం పొలానికి కాదు, మీ ఆఫీసుకు వస్తుంది. పీఎం కిసాన్ పోర్టల్‌లో నంబరు మార్చుకునే వీలుంది. మిగతా చోట్ల ఏ నంబరు ఉందో రైతు సేవా కేంద్రంలో అడిగి, తొలి వానకు ముందే సరిచేయించండి.